ఆరంగుళాల కన్నం

నా బుద్ధితక్కువతనానికి కచ్చితమైన కొలత ఉంది. ఆరంగుళాల వ్యాసం, తొమ్మిదంగుళాల లోతు. హైదరాబాదులో కూకట్‌పల్లి దాటాక మేముండే అపార్టుమెంటు నాలుగో అంతస్తులో, మా వంటగది తూర్పు గోడకు ఉంటుంది ఆ కన్నం. మొదట్నుంచీ ఉండాల్సిందే అది. మొదట ఉంది కూడా. డబ్బిచ్చి దాన్ని పూడ్పించినవాణ్ని నేనే, తరవాత అంతకు మించి డబ్బిచ్చి దాని పక్కనే ఇంకోటి తొలిపించినవాణ్నీ నేనే.

నేను ఆడిట్ శాఖ మనిషిని. ఫలానా ఊళ్లో బోరింగు బాగుచేశామని బిల్లు పెడితే, విప్పిన పాత పైపులు ఎటు పోయాయని అడగడం నా ఉద్యోగం. ఏళ్ల తరబడి సర్కారు సొమ్ము ఎటు పోయిందో ఆరా తీసినవాడికి, సొంతింటి పొగ ఎటు పోతుందో అడగాలని మాత్రం తోచలేదు.

అలాగని చూసుకోకుండా కొన్నానా అంటే అదీ కాదు. చిమ్నీ కొనబోయే ముందు నేను చదవని బ్రోచర్ లేదు. బాఫిల్ ఫిల్టరా, ఫిల్టర్‌లెస్సా? అరవై సెంటీమీటర్లా, తొంభయ్యా? బటను నొక్కితే తిరిగేదా, చెయ్యి ఊపితే తిరిగేదా? ఆఫీసులో ఎవరు వంటింటి ఊసెత్తినా కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ పాఠం చెప్పేవాణ్ని. అన్నిటికంటే నన్ను పట్టేసింది 'గంటకు 1200 ఘనమీటర్ల సక్షన్' అన్న అంకె. షాపులో కుర్రాడు ఓ కాగితం తీసి చిమ్నీ కింద పెడితే టక్కున అతుక్కుంది. కాగితంతో పాటు నేనూ అతుక్కుపోయాను. ఆ 1200 అనేది చాలావరకు ఎదురొత్తిడి లేనప్పటి లెక్కనీ, పైపూ వంపులూ తగిలించాక అంత రాదనీ ఆ కుర్రాడు చెప్పలేదు. నేను అడగనూ లేదు.

బిల్డరు వంటగది బయటి గోడకు, కిటికీ పక్కన పైకి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం గుండ్రటి కన్నం వదిలాడు. మాడ్యులర్ కిచెన్ చేయిస్తున్నప్పుడు కార్పెంటరు దాన్ని చూపించి, "సార్, ఇది ఉంచాల్నా?" అని అడిగాడు కూడా. "చిమ్నీ వస్తుంటే ఇంకా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎందుకయ్యా? పావురాలు దూరడానికా?" అన్నాను. నవ్వాడు. ఇటుక ముక్కలు, సిమెంటు, దాని మీద టైలు. గోడ నున్నగా అయిపోయింది. ఆ నునుపు చూసి నేను మురిసిపోయాను.

చిమ్నీ బిగించడానికి వచ్చినతను స్టవ్వు నుంచి టేపు పట్టి కొలిచి, డెబ్బై సెంటీమీటర్ల ఎత్తులో గీత గీసి, అటూ ఇటూ చూశాడు.

"సార్, పైపు బయటికి ఎటు తీస్తరు?"

"బయటికెందుకు? ఫాల్స్ సీలింగ్ పైన బోలెడంత జాగా ఉందిగా. దాంట్లోకి వదిలెయ్."

"అట్ల పెట్టొద్దు సార్. గోడకు హోల్ కొట్టిస్తేనే పనైతది."

"కొత్త టైల్స్ పగలగొట్టమంటావా? నేను చెబుతున్నాగా, పెట్టు."

అతను వాదించలేదు. పెట్టేశాడు. పోయేముందు జాబ్‌కార్డు మీద ఏదో రాసి నా సంతకం తీసుకున్నాడు. అతను రాసింది 'పైపు బయటికి లేదు, కస్టమరు కోరిక మీద' అని తరవాత తెలిసింది. నా ఉద్యోగజీవితంలో చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

వేయాల్సిన లెక్క చాలా ఆలస్యంగా వేశాను. గంటకు 1200 ఘనమీటర్లంటే నిమిషానికి 20. మా వంటగది ఎనిమిదడుగులకు పది, ఫాల్స్ సీలింగ్ దాకా ఎత్తు తొమ్మిది. లోపలున్న గాలంతా కలిపితే 20 ఘనమీటర్ల పైచిలుకు. యంత్రం మాట నిలబెట్టుకుంటే గదిలో గాలి మొత్తం నిమిషంలో బయటికి పోవాలి. ఇక ఫాల్స్ సీలింగుకూ శ్లాబుకూ మధ్య నేను 'బోలెడంత' అన్న జాగా అడుగెత్తు. అందులో పట్టేది రెండుంబావు ఘనమీటర్లు. అది నిండడానికి ఏడు సెకన్లు చాలు. ఎనిమిదో సెకను నుంచి పోపు పొగ లైట్ల కన్నాల్లోంచి, జిప్సం అతుకుల్లోంచి మళ్లీ మా నెత్తినే దిగుతుంది. ఆవాలు చిటపటలాడటం కూడా అప్పటికి పూర్తికాదు.

దిగుతూనే ఉంది. ఎండుమిరపకాయ వేగితే ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్లం. మా ఆవిడ, "ఏవండీ, ఇది తిరుగుతోందా, ఊరికే మోగుతోందా?" అని అడిగేది. తిరుగుతోందని నిరూపించడానికి నేను కాగితం పెట్టి చూపించేవాణ్ని. అతుక్కునేది. "చూశావా!" అనేవాణ్ని దగ్గుతూనే.

ముందుగా లైట్ల చుట్టూ పసుప్పచ్చటి వలయాలు వచ్చాయి. పాలిషింగ్ సరిగ్గా చేయలేదని పెయింటరును తిట్టాను. తరవాత ఒక మూల జిప్సం బోర్డు ఉబ్బింది. పైఫ్లాట్ బాత్‌రూము లీకని తీర్మానించి వాళ్లింటికి వెళ్లి మరీ చెప్పొచ్చాను. పాపం, వాళ్లు ప్లంబరును పిలిపించి చూపించుకున్నారు. లీకూ లేదు, పాడూ లేదు. ఆ తేమ మాదే. వంటగ్యాస్ మండితే వచ్చేది కార్బన్ డయాక్సైడూ, నీటి ఆవిరీ. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా లేస్తుంది. 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి ఇరవై రెండు లీటర్ల నీళ్లు! గిన్నెల్లోంచి లేచే ఆవిరి దీనికి అదనం. ఇదంతా నేను ఫాల్స్ సీలింగ్ పైన దాచిపెడుతున్నాను. జిప్సం ఉబ్బక ఏంచేస్తుంది? ఆ తేమకు నూనె జిడ్డు తోడైంది. వెచ్చగా, చీకటిగా, జిడ్డుగా ఉండే చోటు బొద్దింకలకు ఇంతకన్నా ఎక్కడ దొరుకుతుంది?

అయినా నాకు అనుమానం మెషీను మీదే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నది నాకు కులధర్మం. 'సక్షన్ లేదు' అని కంప్లయింటు పెట్టాను. వచ్చినతను జాబ్‌కార్డు తిరగేసి, పైకి చూసి, నావైపు చూసి, ఏమీ అనకుండా చిమ్నీ అడుగునుండే కప్పులో చేరిన నూనె పారబోసి వెళ్లిపోయాడు. నేను ఆటోక్లీన్ బటను మీద పడ్డాను. పొద్దునా సాయంత్రం సంధ్యావందనంలా నొక్కేవాణ్ని. ఆటోక్లీన్ చేసేదల్లా లోపల కాయిల్ వేడెక్కి, బ్లోయర్‌కు పట్టిన జిడ్డును కరిగించి కింది కప్పులోకి దింపడం. పైపులో పేరుకున్నదాని జోలికి అది పోదు. పైపు చివర ఏముందో దానికేం తెలుసు?

అమ్మ పాలకొల్లు దగ్గర మా ఊరి నుంచి వచ్చింది ఆ రోజుల్లోనే. స్టవ్వు దగ్గర నిలబడి చిమ్నీని ఎగాదిగా చూసి, "ఒరేయ్ అబ్బాయ్, దీని నోరు కనబడుతోంది గానీ, తోక ఏదిరా?" అంది. ఊళ్లో మా పెంకుటింట్లో పొయ్యి మీదుగా పెంకుల మధ్య గవాక్షం ఉండేది. వాన వస్తే చినుకులు పడేవి, దూలాలు పొగచూరి నల్లగా నిగనిగలాడేవి, అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. అది గొప్ప ఏర్పాటేం కాదు. కానీ పొగకు దారంటూ ఒకటి ఉండాలని ఆ ఇల్లు కట్టిన మేస్త్రీకి తెలుసు. నేను అమ్మకు ఫిల్టరు గురించి చెప్పాను. విని, "అయితే తోక లేదన్నమాట" అంది.

ఈ ఊళ్లోనే ఈ పని మీద ఒక పెద్దమనిషి బుర్ర పెట్టాడని నాకు ఆలస్యంగా తెలిసింది. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబరేటరీలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో కట్టుకునే పొగలేని పొయ్యి ఒకటి తయారుచేశారు. ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు, చివర పొగను ఇంటి బయటికి పంపే గొట్టం. దాన్ని వివరిస్తూ ఆయన రాసిన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' 1953లో మద్రాసులో అచ్చయింది. కరెంటు లేదు, మోటారు లేదు, చెయ్యి ఊపితే తిరగడం అంతకన్నా లేదు. వేడిగాలి పైకి పోతుందన్న ఒక్క విషయం మీద ఆధారపడి, గొట్టం బయటికి పెట్టమన్నారాయన. డెబ్బై ఏళ్ల తరవాత అదే ఊళ్లో నేను మోటారు పెట్టి పొగను అటక ఎక్కించాను.

గొట్టం లేకుండా పనిచేసే చిమ్నీలు లేవా అంటే ఉన్నాయి. డక్ట్‌లెస్ అంటారు. వాటిలో బొగ్గు ఫిల్టరు ఉంటుంది. వాసనను కొంత పట్టుకుని గాలిని మళ్లీ గదిలోకే వదులుతుంది. ఆవిరినీ వేడినీ అది ఆపలేదు. కార్బన్ మోనాక్సైడ్‌నూ ఆపలేదు. కొన్ని నెలలకోసారి ఫిల్టరు మార్చకపోతే వాసననూ ఆపలేదు. గోడ ముట్టుకునే వీల్లేని అద్దింట్లో ఏదీ లేనిదాని కంటే నయం, అంతే. నాది సొంతిల్లు. నాకు ఆ సాకూ లేదు.

చివరికి ఒక నూనె బొట్టు పైనుంచి తిన్నగా పెరుగు గిన్నెలో పడింది. నిచ్చెన వేసి, ట్రాప్‌డోరు తీసి, టార్చి వేశాను. పైపు నోరు శ్లాబుకు జానెడు దూరంలో ఉంది. దాని చుట్టూ శ్లాబు మీద కారునలుపు జిడ్డు, అందులో అంటుకుపోయిన దుమ్ము. పక్కనుంచే లైట్ల వైర్లు పోతున్నాయి. ఎక్కడో ఒక నిప్పురవ్వ రాలినా చాలు. అప్పటిదాకా నాకు నవ్వులాటగా ఉన్నది ఆ క్షణంలో కాళ్లు వణికించింది. నిచ్చెన మీద ఉన్నాను కూడా.

అక్కడితో బుద్ధి రావాలి. రాలేదు. గోడ టైల్స్ మీద మమకారం చావలేదు. ఫాల్స్ సీలింగులోంచే పైపును బాత్‌రూము వైపు పొడిగించి, డ్రైనేజీ పైపులు దిగే సందులోకి వదిలితే సరిపోతుందని తోచింది. సందు గోడకు అప్పటికే నాలుగంగుళాల కన్నం ఉంది. ఆరంగుళాల చిమ్నీ నోటికి రెడ్యూసర్ తగిలించి, నాలుగంగుళాల పీవీసీ పైపు వేయించాను. మధ్యలో మూడు వంపులు. ఇంజను కంటే గట్టిగా మోత. ఆ మోత విని 'సక్షన్ పెరిగింది' అన్నాను మా ఆవిడతో.

అది కార్తీకమాసం. మా పైఫ్లాట్‌లో రిటైరైన లెక్కల మాస్టారు కుటుంబం ఉంటుంది. నెలంతా వాళ్లింట్లో ఉల్లీ వెల్లుల్లీ కూడా ముట్టరు. ఆ ఆదివారం మా ఇంట్లో కొరమేను పులుసు. ఆ సందు పైన రేకు కప్పి ఉందని నేను చూసుకోలేదు. పొగ పైకెళ్లి, దారి లేక, మాస్టారి బాత్‌రూము వెంటిలేటర్లోంచి లోపలికి జొరబడింది. ఆయన అప్పుడే స్నానం చేసి, తడిగుడ్డతో, విభూతి పెట్టుకోబోతున్నారట.

మాస్టారు తలుపు తట్టినప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. లెక్క తప్పు చేసిన కుర్రాడిని చూసే చూపు ఉంది.

"ఆడిటర్‌గారూ, మీ చిమ్నీ నోటి వ్యాసమెంతండీ?"

"ఆరంగుళాలు మాస్టారూ."

"మీరు వేయించిన పైపు?"

"నాలుగు."

"మూడింట రెండొంతులు పోతుందనుకున్నారు కాబోలు. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కదండీ. ముప్పయ్యారుకి పదహారు. సగం కూడా లేదు. ఇక అంతే గాలిని ఆ పైపులోంచి తోయాలంటే ఒరిపిడి ఏడు రెట్ల పైమాట. మీ మెషీను తోయలేదు. తోసినంత మటుకు మా ఇంటికొస్తోంది."

"క్షమించండి మాస్టారూ."

"క్షమించడానికేముందండీ. మొన్న మా బాత్‌రూము లీకని మీరొచ్చి చెబితే, ప్లంబరుకు నేను డబ్బులిచ్చాను. ఈసారి మాత్రం మీరే ఇచ్చుకోండి."

ఇచ్చుకున్నాను. కోర్ కటింగ్ అబ్బాయి వచ్చి, గోడకు మెషీను బిగించి, నీళ్లు పోస్తూ డైమండ్ బిట్‌తో తొలిచాడు. నేను గీత గీసిన చోట తొలవనన్నాడు మొదట. "అది బీము సార్. దాన్ని కోస్తే బిల్డింగంత ఒకటై నన్ను కొడ్తరు." బీము కిందికి, పాత కన్నానికి చేరువగా జరిపాం. పాత కన్నం సిమెంటునే తియ్యొచ్చుగా అంటే, దాని మీదిప్పుడు కప్‌బోర్డు ఉందని మా ఆవిడ గుర్తుచేసింది. పాత కన్నం నుంచి కొత్త కన్నానికి దూరం జానెడే. తొలిచిన ముక్క గుండ్రంగా, ఇటుకా సిమెంటూ టైలూ పొరలు పొరలుగా ఊడొచ్చింది. వాణ్నడిగి దాన్ని తీసుకుని, ఆఫీసులో పేపర్‌వెయిట్‌గా పెట్టుకుందామనుకున్నాను. మోయలేక మానేశాను.

ఈసారి చెప్పింది విన్నాను. ఆరంగుళాల పైపు ఎక్కడా సన్నబడకుండా చివరిదాకా ఆరంగుళాలే. ఒక్కటే వంపు. ముడతల పైపు పొడుగు తగ్గించి, సాగదీసి వేశారు. ముడతలు ఎక్కువైన కొద్దీ గాలికి అడ్డు, జిడ్డుకు ఆసరా. వాన నీళ్లు లోపలికి కారకుండా పైపును బయటివైపు కాస్త వాలుగా పెట్టారు. చివర రెక్కలున్న మూత. గాలి తోస్తే తెరుచుకుంటాయి, ఆపితే మూసుకుంటాయి. పావురాలకు అడ్డంగా సన్నటి జాలీ పెట్టిద్దామన్నాను నేను. అది నెల తిరిగేసరికి జిడ్డుతో పూడుకుపోతుందన్నారు. ఊరుకున్నాను. ఊరుకోవడం అప్పటికి నేర్చుకున్నాను.

మొదటిసారి పూర్తి వేగంతో వేసినప్పుడు జరిగింది చూసి నాకే నోట మాట రాలేదు. మిరపకాయ వేగింది, ఎవరూ దగ్గలేదు. ఇంతలో వంటగది పక్కనున్న పూజగదిలో దీపం ఒరిగి వంటింటి వైపు సాగింది. "అగ్నిదేవుడు ఆగ్నేయం చూస్తున్నాడ్రా" అని అమ్మ చేతులు జోడించింది. కాసేపటికి దీపం ఆరిపోయింది. ఆ వెనకే బాత్‌రూములోంచి మురుగు వాసన బయలుదేరింది.

ఇక్కడా నా ఘనకార్యమే. దుమ్మని, దోమలని ఇంట్లో కిటికీలన్నీ బిగించి పెట్టేది నేనే. నిమిషానికి గదినిండా గాలి బయటికి పోతుంటే అంత గాలీ ఎక్కణ్నుంచో లోపలికి రావాలి కదా? తలుపుల కింది సందుల్లోంచి, కింది ట్రాపుల్లో నీళ్లు ఎండిపోయిన బాత్‌రూముల్లోంచి, ఎటు వీలైతే అటునుంచి వస్తుంది. రానీకపోతే చిమ్నీ ఉత్తినే గింజుకుంటుంది. మెట్లెక్కి వెళ్లి మాస్టారిని అడిగితే, "కిటికీ తెరవండి" అన్నారు, అంతే. వంటగది కిటికీ కాదు, హాలు కిటికీ. స్టవ్వు పక్క కిటికీ తెరిస్తే ఆ గాలి పొగను చిమ్నీకి అందకుండా చెదరగొడుతుంది. దూరపు కిటికీ తెరిస్తే గాలి ఇల్లంతా దాటి వచ్చి, పొగను వెంటబెట్టుకుని పోతుంది.

ఇదంతా వాసన కోసమేనా అంటే కాదు. బాగా కాగిన నూనెలో వేపుళ్ల పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో అచ్చువేసిన గ్రంథంలో, క్యాన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్నవాటి వరసలో పెట్టింది. మా ఆవిడ ఆ పొగలో నిలబడి వేపుతుంటే నేను హాల్లో కూర్చుని సక్షన్ అంకె చదువుతున్నాను.

మాస్టారింటికి కార్తీకమాసం వెళ్లాక స్వీటు పట్టుకెళ్లాను. తీసుకున్నారు. పైకప్పు రేకు విషయం అసోసియేషన్ మీటింగులో నేనే లేవనెత్తాను. మా బ్లాకులో ఇంకెన్ని చిమ్నీలు ఆ సందులోకి ఊదుతున్నాయో చూస్తే చాలామంది నా తోటివాళ్లే తేలారు. అందులో ఒకాయన సివిల్ ఇంజినీరు. చెప్పకూడదు గానీ, నాకెంత హాయిగా అనిపించిందో.

మీ ఇంట్లో చిమ్నీ పైపు ఫాల్స్ సీలింగులోకి దూరి కనబడకుండా పోతుంటే, ఈ ఆదివారం స్టూలు వేసుకుని లోపల ఒక్కసారి టార్చి వేసి చూడండి. బాత్‌రూములో గ్యాస్ గీజరు కూడా ఉంటే మాత్రం ఆదివారం దాకా ఆగకండి. కిటికీలు మూసి చిమ్నీ వేస్తే, గీజరు వదిలే కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి తిరిగి ఇంట్లోకే వస్తుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ముందు లేచి కిటికీ తెరవండి.